ఏడాది విడిచి ఏడాది

2025 సంక్రాంతి మా ఇంట్లో 2024 నవంబరు 11, సోమవారం ఉదయం ఎనిమిది గంటలకే మొదలైంది. రైల్వే వారు ముందస్తు రిజర్వేషను గడువును ఆ నెల ఒకటో తేదీ నుంచే 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గించారు కనుక, జనవరి 10న బయలుదేరే బండ్లకు టికెట్లు ఆ ఉదయం ఇవ్వడం మొదలుపెట్టారు. పాత పద్ధతే ఉండి ఉంటే వినాయక చవితి వెళ్ళిన అయిదు రోజులకే సంక్రాంతి టికెట్లు తీసుకోవలసి వచ్చేది. హైదరాబాదులో మా పెద్దమ్మాయి గౌతమి ఎక్స్‌ప్రెస్ కోసం, బెంగళూరులో మా అబ్బాయి శేషాద్రి ఎక్స్‌ప్రెస్ కోసం ఫోన్లు చేతిలో పట్టుకుని కూర్చుంటే, ఇక్కడ కోనసీమలో మేమిద్దరం మా ఫోను స్పీకరులో పెట్టుకుని, కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా విన్నాము. ఎనిమిదీ మూడు నిమిషాలకు అబ్బాయికి మూడు బెర్తులూ దొరికాయి. అమ్మాయికి నాలుగింటిలో రెండే ఖాయమై, మిగిలిన రెండూ వెయిటింగ్ లిస్టులో పడ్డాయి. అవి జనవరి మొదటి వారం దాకా తేలలేదు, తేలేవరకూ మావారికి రోజుకు రెండుసార్లు ఆ సంఖ్య చూడనిదే తోచలేదు.

నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో 31 ఏళ్ళు తెలుగు చెప్పి 2019లో పదవీ విరమణ చేశాను. మావారు అంతకు మూడేళ్ళ ముందు నీటిపారుదల శాఖ నుంచి విరమించారు. మాకు ముగ్గురు పిల్లలు. పెద్దమ్మాయి అత్తవారిది ఖమ్మం, కోడలి పుట్టిల్లు నరసరావుపేట, చిన్నమ్మాయి అమెరికాలో డాలస్ నగరంలో ఉంటుంది. ఉద్యోగంలో ఉన్నంత కాలం పండగ మాకు బడి సెలవులతో మొదలై సెలవులతో ముగిసేది. విరమణ తరువాత పిల్లల రాక కోసం ఎదురుచూడడమే ఒక పనిగా మారినప్పుడు, పెద్దవాళ్ళయిన పిల్లలను పండగకు ఇంటికి పిలుచుకోవడం ఎలాగో మళ్ళీ కొత్తగా నేర్చుకోవలసి వచ్చింది. ఇందులో నేను చేసిన రెండు పొరపాట్లను, వాటిని దిద్దుకున్న తీరును నా వయసు వారి కోసం రాస్తున్నాను.

మొదటి పొరపాటు లెక్కలో జరిగింది. సంక్రాంతికి కూతురూ అల్లుడూ పుట్టింటికి రావడం మనకు తరతరాల ఆచారం. కొత్త అల్లుడికి మూడేళ్ళ పాటు జరిగే మర్యాదలు గోదావరి జిల్లాల వారికి ఎవరూ చెప్పనక్కరలేదు. అయితే ఆ ఆచారాన్ని నిజాయితీగా పాటిస్తే నా కూతురు నా దగ్గరకు వచ్చిన రోజునే నా కోడలు వాళ్ళ అమ్మ దగ్గర ఉండాలి, ఆమెతోపాటు నా కొడుకు అక్కడ అల్లుడి హోదాలో కూర్చోవాలి. అంటే అక్కాతమ్ముళ్ళు పుట్టినింట్లో ఒకే పండగకు కలుసుకునే వీలు ఆచారంలోనే లేదు. ఈ సంగతి నాకు తెలియక కాదు, తెలిసీ ఒప్పుకోలేదు. అబ్బాయి పెళ్ళి 2017లో జరిగింది. 2018లో ఒకసారి, 2019లో ఒకసారి, కూతురు మా ఇంటికి రావడం ఆచారమనీ, కోడలు మా ఇంట్లోనే ఉండడం ధర్మమనీ రెండు నాలుకలతో మాట్లాడాను. కోడలు ఎదురు చెప్పలేదు. మొదటి ఏడాది వాళ్ళ అమ్మానాన్నలే అల్లుణ్ణి పిలవడానికి కొత్త బట్టలతో మా ఊరు వచ్చి, నా మాట విని, భోజనం చేసి, వాళ్ళిద్దరే వెనక్కి వెళ్ళారు. వియ్యపురాలు బస్సు ఎక్కేటప్పుడు కూతురి వైపు చూసిన చూపు ఆనాడు నాకు కనబడలేదు, ఇప్పుడు కనబడుతుంది.

ఆ తప్పు నాకు చూపించినది మా పెద్దమ్మాయి. 2019 కనుమ నాటి మధ్యాహ్నం వంటింట్లో గిన్నెలు సర్దుతూ, ఎవరూ వినకుండా, "అమ్మా, మా అత్తగారు కూడా నీలాగే అనుకుంటే నేను ఇవాళ ఇక్కడ ఉండేదాన్నా?" అని అడిగింది. నేను జవాబు చెప్పలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ముప్పై ఏళ్ళు పిల్లలకు న్యాయం గురించి పద్యాలు చెప్పిన దానిని, నా ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలకు రెండు కొలతలు పెట్టానని తెలుసుకోవడానికి కూతురి నోట వినవలసి వచ్చింది. మర్నాడు నరసరావుపేటకు నేనే ఫోను చేసి, "వదినగారూ, వచ్చే సంక్రాంతికి పిల్లలు మీ దగ్గరే ఉంటారు, నా మాట నమ్మండి" అన్నాను. ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "మీరు కూడా రండి" అన్నారు.

అప్పటి నుంచి మా ఇంట్లో ఏర్పాటు ఇది. బేసి సంవత్సరాల్లో సంక్రాంతికి అబ్బాయి కుటుంబమూ, పెద్దమ్మాయి కుటుంబమూ ఇద్దరూ మా దగ్గరకే వస్తారు. సరి సంవత్సరాల్లో ఒకరు నరసరావుపేట, ఒకరు ఖమ్మం వెళతారు. ఒక ఏడాది అమ్మాయినీ ఒక ఏడాది అబ్బాయినీ మార్చి మార్చి పిలుచుకుంటే ఇల్లు ఎప్పుడూ ఖాళీగా ఉండదు కదా అని బంధువులు చాలామంది సలహా చెప్పారు. మేము కావాలనే అలా పెట్టుకోలేదు. నాకు పిల్లలను చూడాలని ఉన్నట్టే అక్కకు తమ్ముణ్ణి చూడాలని ఉంటుంది, ఆ పిల్లల పిల్లలకు మేనత్త, మేనమామ ఎవరో ఫోను తెర మీద కాక పెరట్లో తెలియాలి. మేము లేని రోజున కూడా ఈ రెండు కుటుంబాలూ పండగకు ఒకచోట కూర్చోవాలంటే ఆ అలవాటు ఇప్పుడే పడాలి. దానికి మేము చెల్లించే ధర ఏడాది విడిచి ఏడాది నిశ్శబ్దంగా ఉండే ఇల్లు. ఆ నిశ్శబ్దం సంగతి చివర చెబుతాను.

రెండో పొరపాటు పనిలో జరిగింది. ఉద్యోగంలో ఉండగా పిండివంటలకు నాకు దొరికేవి సెలవులిచ్చాక రెండు రోజులే కనుక, అరిసెలు, జంతికలు చేసి అక్కడితో ఆపేసేదాన్ని. విరమణ తరువాత వచ్చిన మొదటి నిండు సంక్రాంతి 2021లో. చేతిలో కావలసినంత సమయం ఉన్నదన్న ధైర్యంతో డిసెంబరు ఆఖరు నుంచే మొదలుపెట్టి అరిసెలు, పోకుండలు, సున్నుండలు, జంతికలు, చక్కిలాలు, కజ్జికాయలు, గోరుమిటీలు డబ్బాలకు డబ్బాలు నింపాను. పరదాలు ఉతికాను, అటకలు దులిపాను, గోడలకు సున్నం వేయించాను. పిల్లలు గుమ్మంలో దిగేసరికి నా మోకాళ్ళు వాచి ఉన్నాయి, గొంతులో విసుగు ఉన్నది. నాలుగు రోజులూ వాళ్ళను కూర్చోబెట్టి వడ్డించాను, కోడలు లేచి గరిటె పట్టుకుంటే లాక్కున్నాను. అల్లుడు తన కంచం తాను తీయబోతే అది మాకు అవమానమన్నట్టు మాట్లాడాను. వాళ్ళు వెళ్ళేటప్పుడు తలొక మూడు డబ్బాలు కట్టి ఇచ్చాను. మార్చిలో నేను హైదరాబాదు వెళ్ళినప్పుడు ఆ డబ్బాల్లో ఒకటి మూత తీయకుండానే అమ్మాయి వంటింటి అరలో కనిపించింది. అమ్మాయి నొచ్చుకున్నది, నేను ఏమీ అనలేదు. అల్లుడిగారికి అప్పటికే చక్కెర వ్యాధి అని తేలింది. పిల్లలు ఇద్దరూ తీపి ముట్టరు. అంత చాకిరీ నేను ఎవరి కోసం చేశానో నన్ను నేను అడుగుకుంటే, చేయగలనని నిరూపించుకోవడం కోసమే చేశానన్న సమాధానం తప్ప మరొకటి దొరకలేదు. విరమణ చేసిన మనిషికి తాను ఇంకా పనికివస్తానని చూపించుకోవాలన్న ఆరాటం ఉంటుంది. అది పిల్లల మీద ప్రేమ వేషం వేసుకుని వస్తుంది కనుక పోల్చుకోవడం కష్టం.

అందువల్ల 2023 నుంచి ఒక నియమం పెట్టుకున్నాను. పిల్లలు రాకముందు ఇల్లు సిద్ధం చేయాలి, పండగను మాత్రం వాళ్ళు వచ్చాకే చేయాలి. ఇల్లు సిద్ధం చేయడమంటే మా వయసు వారి ఇళ్ళలో ఏమిటో కొంచెం వివరంగా చెప్పాలి. మాది మూడు గదుల డాబా, వెనక పాత పెంకుటింటి వంటగది మిగిలి ఉన్నది. మొత్తం తొమ్మిదిమందికి రెండు స్నానాల గదులు. మేమిద్దరమే ఉన్నప్పుడు వెయ్యి లీటర్ల నీళ్ళ ట్యాంకు రెండు రోజులు వస్తుంది. అందరూ ఉన్నప్పుడు పొద్దున్న తొమ్మిదింటికే అడుగంటుతుంది, అందుకని కరెంటు ఉన్నప్పుడే రోజుకు రెండుసార్లు మోటారు వేయడం మావారు తన బాధ్యతగా పెట్టుకున్నారు. గ్యాసు బండ రెండోది నిండుగా ఉన్నదో లేదో డిసెంబరులోనే చూసుకుంటాము, 14.2 కిలోల బండ మా ఇద్దరికీ రెండు నెలలు వచ్చేది పండగలో పది రోజులు రావడం కష్టం. పరుపులు రెండు రోజులు ఎండలో వేయాలి, దోమతెరలు కుట్టించుకోవాలి. మా ఇద్దరి బీపీ మాత్రలూ, నా మోకాళ్ళ నూనే పిల్లలకు అందని పై అరలోకి మార్చాలి. మేము పడుకునే గదిని మాత్రం ఎవరికీ ఇవ్వము. ముందు ఏళ్ళలో మా మంచం అల్లుడికిచ్చి మేము హాలులో చాప మీద పడుకునేవాళ్ళం. అలా పడుకున్న మూడో రోజుకు మావారు నడుము పట్టేసి లేవలేకపోయారు, పండగ మొత్తం ఆ నడుము చుట్టూ తిరిగింది. మా మంచం మేము ఉంచుకోవడం వల్ల ఎవరి మర్యాదకూ లోటు రాలేదు.

డబ్బు మాట కూడా దాచకుండా చెప్పాలి. ఇద్దరి పింఛన్లతో మాకు లోటు లేదు, కానీ తొమ్మిదిమందికి బట్టలు, పది రోజుల సరుకులు, పిల్లలకు చేతిలో పెట్టే డబ్బు కలిస్తే ఒక నెల పింఛను దాటుతుంది. అబ్బాయి చెప్పకుండా కిరాణా కొట్టు బాకీ తీర్చి వస్తే మావారు ఒకసారి రెండు రోజులు మాట్లాడలేదు. ఇప్పుడు ముందే అనుకుంటాము. బట్టలు మేము పెడతాము, సరుకులు అబ్బాయి, పాలూ కూరగాయలూ అమ్మాయి, చిన్నమ్మాయి డాలస్ నుంచి అందరి రాకపోకల కార్లకు ఇస్తుంది. ఎవరి వాటా వారికి తెలిసినప్పుడు ఇచ్చేవారికి గౌరవం, పుచ్చుకునేవారికి కూడా గౌరవం.

జనవరి 11, శనివారం ఉదయం రెండు బండ్ల వాళ్ళూ రాజమండ్రిలో దిగి, రావులపాలెం మీదుగా మధ్యాహ్నానికి ఇల్లు చేరారు. కోనసీమకు ఈనాటికీ రైలు రాలేదు కనుక ఆఖరి మజిలీ ఎప్పుడూ రోడ్డు మీదే. ఆ రోజు వంట పప్పు, దొండకాయ వేపుడు, చారు, పెరుగు, ఆవకాయ. ప్రయాణం చేసి వచ్చినవారికి అంతకన్నా కావలసినది లేదని ఇన్నేళ్ళకు తెలుసుకున్నాను. ఆ రాత్రి నేను చేసిన పండగ పని ఒక్కటే, రెండు కిలోల బియ్యం కడిగి నానబోయడం.

ఆదివారం అరిసెల రోజు. అరిసె ఒక్కరు చేసే వంట కాదు, ఎప్పుడూ కాలేదు. నా చిన్నప్పుడు మా అమ్మ ఇంట్లో అరిసెలంటే నాలుగిళ్ళ ఆడవాళ్ళు చేరేవారు, ఇద్దరు రోకళ్ళతో దంచితే ఒకరు జల్లించేవారు, ఒకరు పాకం చూసేవారు, ఒకరు వత్తేవారు. ఆ మనుషులు లేకుండా ఆ వంటను ఒంటరిగా సాగించాలని చూడడమే నా 2021 నాటి తెలివితక్కువతనం. ఇప్పుడు ఆ నాలుగిళ్ళ వారి స్థానంలో నా పిల్లలు ఉన్నారు. నానిన బియ్యం నీళ్ళు వంచి, బట్ట మీద కాసేపు ఆరబెట్టి, తడి పోకముందే అబ్బాయి మరకు తీసుకువెళ్ళి ఆడించుకొచ్చాడు. తడిపిండి గాలి తగిలితే ఆరిపోతుంది, ఆరితే అరిసె బిరుసెక్కుతుంది. అందుకని పిండిని గిన్నెలో అదిమి తడి గుడ్డ కప్పడం మా పెద్ద మనవరాలి పని. కిలో పైచిలుకు బెల్లం కొట్టి, నీళ్ళు పోసి, కరిగాక వడగట్టి, పాకం పెట్టింది కోడలు. నేను పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

పాకం దగ్గర చెప్పేదాన్ని మాటల్లో పెట్టడం తెలుగు పంతులమ్మనైన నాకే కష్టమయింది. నీళ్ళున్న పళ్ళెంలో పాకం చుక్క వేసి వేళ్ళతో కూడదీస్తే మెత్తటి ఉండ కట్టాలి. కట్టకుండా నీళ్ళలో జారిపోతే లేతపాకం, ఆ పిండితో చేసిన అరిసె నూనెలో విడిపోయి మడ్డిలాగా తేలుతుంది. ఉండ పళ్ళెం మీద కొడితే టంగుమని మోగితే ముదురుపాకం, ఆ అరిసె మర్నాటికి రాయవుతుంది. ఈ రెండింటికీ మధ్య దూరం ఒక నిమిషం కూడా ఉండదు. కోడలు మొదటి వాయికి ఒక క్షణం ముందే దించింది. నాకు తెలిసింది, నోరు మెదపలేదు. మొదటి అరిసె నూనెలో అంచులు విడిపోగానే తనే, "అత్తయ్యా, లేత అయిపోయింది కదూ?" అన్నది. చలిమిడిలో ఇంకా గుప్పెడు పిండి కలిపితే ఆ వాయి ఒక మాదిరిగా గట్టెక్కింది. రెండో పాకం దగ్గర ఆమె నా ముఖం వైపు చూడలేదు, పళ్ళెం వైపే చూసింది, సరిగ్గా దించింది. నేను గరిటె లాక్కున్న 2021లో ఆమెకు ఈ నిమిషం తెలిసే అవకాశమే ఇవ్వలేదు. అల్లుడు చలిమిడి ఉండలు నువ్వుల్లో దొర్లించి నెయ్యి రాసిన ఆకు మీద తడితే, అమ్మాయి నూనెలో వేసి తీసింది, అబ్బాయి మా అత్తగారి కాలం నాటి అరిసెల చెక్కల మధ్య పెట్టి నూనె ఒత్తాడు. చక్కెర వ్యాధి ఉన్న అల్లుడు ఒకే ఒక అరిసె తిన్నారు, తాను తట్టినది ఏదో గుర్తుపెట్టుకుని దానినే తిన్నారు. రెండు కిలోల పిండి చాలు. జంతికలూ సున్నుండలూ ఊళ్ళోనే చేసి అమ్మే ఆవిడ దగ్గర తెప్పించాము, ఆమె చేతి జంతిక నా జంతిక కన్నా బాగుంటుందన్నది నేను ఇష్టంగా ఒప్పుకునే నిజం.

మర్నాడు, 13వ తేదీ, భోగి. ఆ ఏడాది భోగి పుష్య పౌర్ణమి నాడు వచ్చింది. తెల్లవారుజామున ఐదింటికి వీధిలో మంట వేసినప్పుడు పడమట కొబ్బరి తలల మీద చంద్రుడు ఇంకా నిండుగా ఉన్నాడు. చిన్నమ్మాయికి అప్పుడు ఆదివారం సాయంత్రం ఐదున్నర. మూడేళ్ళుగా ఆమె ఆ సమయానికి తన ఇంట్లో పనులన్నీ ముగించుకుని ఫోను ముందు కూర్చుంటుంది. మొదట్లో మేము అందరం వరసగా వచ్చి పలకరించి పోయేవాళ్ళం, ఆమెకు దానివల్ల దిగులు పెరిగేదని తరువాత చెప్పింది. ఇప్పుడు ఫోనును అరుగు మీద చెంబుకు ఆనించి వదిలేస్తాము. ఎవరూ ప్రత్యేకంగా మాట్లాడరు. ఆమె ఆ మంట చప్పుడు వింటూ, పిడకల దండ ఎవరు వేశారో చూస్తూ, మధ్యలో, "అమ్మా, శాలువా కప్పుకో" అంటూ గంటసేపు మాతో ఉంటుంది. దూరాన ఉన్న బిడ్డను పండగకు పిలవడమంటే ఇంతకన్నా మెరుగైన దారి నాకు తెలియలేదు. సాయంత్రం నాలుగేళ్ళ చిన్న మనవరాలికి భోగిపళ్ళు పోశాము. రేగుపళ్ళు, చెరకు ముక్కలు, బంతిపూల రేకులు, చిల్లర డబ్బులు కలిపి మొదట నేను దిష్టి తీసి పోస్తే, తరువాత వీధిలోని ముత్తయిదువలందరూ పోశారు.

సంక్రాంతి మా వైపు పెద్దల పండగ. పోయిన పెద్దల పటాల ముందు కొత్త బట్టలు పెట్టి, కొత్త బియ్యపు పరమాన్నం, గుమ్మడికాయ కూర, వారికి ఇష్టమైన వంటలు విస్తరిలో వడ్డించి దణ్ణం పెట్టుకుంటాము. ఈసారి పెద్ద మనవరాలు పటాల్లో ఉన్నవారి పేర్లు అడిగింది. మావారు తండ్రి, తాత, ముత్తాత పేర్లు చెప్పారు. "మరి వాళ్ళ భార్యల పేర్లు, తాతయ్యా?" అన్నది. తల్లి పేరు, నాయనమ్మ పేరు చెప్పి, ముత్తాత భార్య పేరు దగ్గర ఆయన ఆగిపోయారు. నాకూ తెలియదు. వదినగారికి, అంటే ఆయన అక్కగారికి, ఫోను చేస్తే క్షణం తడుముకోకుండా చెప్పారు. పిల్ల ఆ పేర్లన్నీ నోటు పుస్తకంలో రాసుకున్నది, కింద మా ఇద్దరి పేర్లూ రాసింది.

ఆ మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు గంటల దాకా మా గది తలుపు వేసుకుని పడుకున్నాము. ఇదీ కొత్త నియమమే. పిల్లలు నాలుగు రోజులే ఉంటారు కనుక ఒక్క గంట కూడా పోగొట్టుకోకూడదని ముందు ఏళ్ళలో నిద్ర మానుకుని కూర్చునేవాళ్ళం, సాయంత్రానికి తలనొప్పి వచ్చి ఎవరినో ఒకరిని కసిరేవాళ్ళం. మేము పడుకున్న ఆ రెండు గంటల్లో పిల్లలు నలుగురూ అరుగు మీద కూర్చుని తమలో తాము ఏమేమి మాట్లాడుకుంటారో నాకు తెలియదు. తెలియవలసిన అవసరం కూడా లేదు. నిద్రలోకి జారుకునేటప్పుడు వినిపించే ఆ గొంతుల కలగలుపు చాలు.

లేచాక ఒక గంట పని పెట్టుకున్నాము. "ఇక్కడ ఇద్దరే ఎందుకు, మా దగ్గరకు వచ్చెయ్యండి" అన్న మాట ప్రతి పండగకూ కనుమ నాటి రాత్రి వచ్చేది, సమాధానం దొరక్క అందరి మనసులూ బరువెక్కి మర్నాడు ప్రయాణాలు సాగేవి. ఈసారి ఆ మాటకు మేమే సమయం ఇచ్చాము. మావారు ఒక ఫైలు తెచ్చి బల్ల మీద పెట్టారు. మా పింఛను పత్రాలు, బ్యాంకు పుస్తకాలు, నామినీల వివరాలు, ఆరోగ్య కార్డులు, ఇంటి దస్తావేజులు, వాడే మందుల జాబితా, దగ్గరలో ఉండే డాక్టరు నంబరు అందులో ఉన్నాయి. నా వేలిముద్రలు యంత్రంలో పడడం మానేశాయి కనుక, ఏటా ఇచ్చే జీవన ధ్రువపత్రానికి జీవన్ ప్రమాణ్ యాప్‌లో ముఖం చూపించే పద్ధతి అబ్బాయి అప్పుడే నేర్పించాడు. నడవగలిగినంత కాలం ఈ ఊళ్ళోనే ఉంటామనీ, ఇద్దరిలో ఒకరమే మిగిలిన రోజున మళ్ళీ మాట్లాడుకుందామనీ చెప్పాము. పిల్లలు కాగితాలు ఫోటోలు తీసుకున్నారు. కోడలు ఒక్కతే, "ఆ రోజు మాట ఇప్పుడెందుకు మామయ్యగారూ" అన్నది. ఆయన ఆ ఫైలును ఆమె చేతికే ఇచ్చి బీరువాలో పెట్టమన్నారు.

కనుమ నాడు గారెలు, నాటుకోడి కూర. మినుము తినాలన్న మాట చెల్లించాక పిల్లలందరూ జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్ళారు. అక్కడ గుడి లేదు, కొబ్బరి తోట మాత్రమే. చుట్టుపక్కల పదకొండు గ్రామాల శివుళ్ళు, రంగు గుడ్డలు కట్టిన ఎత్తైన వెదురు ప్రభల మీద వచ్చి ఆ ఒక్క రోజు ఒకచోట కూర్చుంటారు, ఏకాదశ రుద్రుల కలయిక అంటాము. గంగలకుర్రు, అగ్రహారం ప్రభలను పచ్చటి వరిచేల మీదుగా, కౌశిక కాలువ నీళ్ళలోంచి భుజాల మీద మోసుకువస్తారు. 2023 గణతంత్ర దినోత్సవానికి ఢిల్లీలో మన రాష్ట్ర శకటంగా వెళ్ళింది ఈ తీర్థమే. వచ్చిన దేవుళ్ళకు మొసలపల్లి భోగేశ్వరుడు ఆతిథ్యం ఇస్తాడని ఇక్కడి వారు చెప్పుకుంటారు. మేము వెళ్ళలేదు. ఆ జనంలో మావారి కాళ్ళు నిలవవు, అన్నిచోట్లకూ వెంట వెళ్ళడం ఇంటివారి విధి కాదని కూడా ఇప్పుడు తెలుసు. పిల్లలు తిరిగివచ్చి చెప్పినదంతా విన్నాము. చిన్న పిల్ల ప్రభకు కట్టిన రంగు గుడ్డల సంగతి పడుకునే దాకా చెప్పింది.

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. సాఫ్ట్‌వేరు కంపెనీలకు ఆ సామెత తెలియదు, 16వ తేదీ గురువారం ఆఫీసులున్నాయి. ఇదివరకు ఈ మాట మీద కన్నీళ్ళు పెట్టుకునేదాన్ని. ఈసారి అబ్బాయి ఆ ఒక్క రోజు ఇక్కడి నుంచే పని చేసుకున్నాడు, అమ్మాయి వాళ్ళు సెలవు పెట్టుకున్నారు, ముక్కనుమ సాయంత్రం అందరూ ఒకే కారులో రాజమండ్రి వెళ్ళారు. తలొక చిన్న డబ్బా అరిసెలు, నాలుగు కొబ్బరికాయలు, అడిగినవారికి ఆవకాయ. అంతే కట్టాను. గేటు వేసి వచ్చాక ఇల్లు సర్దబోతే సర్దవలసినది ఏమీ మిగలలేదు. దుప్పట్లు మడిచి, పరుపులు చుట్టి, వంటింటి గట్టు కడిగి వెళ్ళారు.

ఇప్పుడు 2026 సంక్రాంతి వస్తున్నది. ఇది సరి సంవత్సరం. నవంబరులో టికెట్ల కోసం ఎవరూ ఫోను చేయలేదు. 2020లో వచ్చిన మొదటి ఖాళీ సంక్రాంతి నాకు బాగా గుర్తున్నది. ముగ్గు వేసి లోపలికి వచ్చి ఏం చేయాలో తెలియక కూర్చున్నాను. ఆ మధ్యాహ్నం మావారే, "మా అక్క ఈ ఇంటి ఆడపడుచు, పండగకు పిలిచి ఎన్నాళ్ళయింది?" అన్నారు. లెక్క వేస్తే పద్ధెనిమిదేళ్ళు. మా పిల్లలు పండగకు వస్తున్నారన్న సందడిలో, ఈ ఇల్లే పుట్టిల్లు అయిన ఒక మనిషి ఉన్నారని మేము మరిచిపోయాము. ఆవిడ భర్త పోయి అప్పటికే పదేళ్ళు, కొడుకు దగ్గర కాకినాడలో ఉంటున్నారు. 2022లో పిలిస్తే వచ్చారు, 2024లో పిలవకముందే సంచి సర్దుకున్నారు. డెబ్బై అయిదేళ్ళ మనిషి, మెల్లగా నడుస్తారు, మెల్లగా తింటారు, అరిసెల చెక్కలు చేతిలోకి తీసుకుని వాటి మీద తన తల్లి వేళ్ళ గుర్తులున్నట్టు తడుముతారు. మా ముగ్గురికి అర కిలో బియ్యం చాలు. ఒక పూట పాకం ఆవిడ చూస్తారు, ఒక పూట నేను చూస్తాను. నరసరావుపేట నుంచి వియ్యపురాలు భోగి నాడు ఫోను చేసి నా కొడుకు ఎన్ని గారెలు తిన్నాడో చెబుతారు.

నిన్న సాయంత్రం కాకినాడ నుంచి వదినగారు ఫోను చేశారు. "ఏమ్మా, ఈసారి నా మంచం వీధి గదిలో వెయ్యి. హరిదాసు వస్తే నాకు వినబడాలి, లేచి బియ్యం నేనే వేస్తాను" అన్నారు. పొద్దున్నే మావారూ నేనూ కలిసి మంచం వీధి గదిలోకి మార్చాము. కిటికీ రెక్క ఒకటి సరిగ్గా పడడం లేదు, వడ్రంగి రేపు వస్తానన్నాడు.